కుడివైపు కూసిన కోడి

కంప్యూటరు ముందు కూర్చోవడం వచ్చినవాడికల్లా విమానం టికెట్టు దొరికిన కాలం అది. అలా సింగపూర్‌లో వచ్చిపడ్డవాళ్ళలో నేనొకణ్ణి. ఆఫీసు పాయా లేబర్‌లో, అద్దెగది పాసిర్ రిస్‌లో, ఆదివారం భోజనం లిటిల్ ఇండియాలోని ఆంధ్రా మెస్సులో. ఆ మెస్సులో నా కబుర్లకు మంచి గిరాకీ ఉండేది. జరిగినదానికి కాస్త ఉప్పూకారం తగిలించి చెబితే బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు. (ఆఫీసులో నా పనిని మాత్రం ఎవరూ మెచ్చుకున్న పాపాన పోలేదు.)

బాబాయి పరిచయమైంది అక్కడే. సొంత బాబాయి కాదు. రంపచోడవరం వైపు మనిషి, షిప్‌యార్డులో ఏళ్ళ తరబడి ఇనుపరేకుల తుప్పు కొట్టే పని. ఇక్కడ పనిచేసే పర్మిట్ ఇంకొక్కసారి పొడిగిస్తే కొడుకు ఇంజనీరింగ్ గట్టెక్కుతుందని ప్రతి ఆదివారం చెప్పేవాడు. ఆ కొడుకు నాలాగా కావాలని ఆయన కోరిక. నేను కాలర్ సర్దుకునేవాణ్ణి.

మా బ్లాకుల వెనక అడవిలో అడవికోళ్ళు కూస్తుంటాయని ఒకసారి అన్నాను. బాబాయి తింటున్న చెయ్యి ఆపేశాడు. చిన్నప్పుడు కూత విని కోడి ఉన్న చెట్టు చెప్పడంలో తన తర్వాతే ఎవరైనా అట. ఇక్కడ పట్టుకుంటే జైలే కాబట్టి ఊరికే చూసి వద్దామన్నాడు.

తర్వాతి ఆదివారం తెల్లారగానే అడవిలోకి దూరాం. నాలుగడుగులు వేస్తే వెనకనున్న దారి కనబడనంత చిక్కటి అడవి. (కోడంటే ప్లాస్టిక్ కవరులో ముక్కలుగా దొరికేదని నమ్మే నేను ఇస్త్రీ ప్యాంటు వేసుకెళ్ళాను.)

"కళ్ళతో ఎతికితే దొరకదు బాబూ, చెవులతో ఎతకాలి. నోరు కొంచెం తెరిచి ఇను," అన్నాడు. కూత వచ్చిన వైపు చెయ్యి చాపాలట. కొంచెం పక్కకు జరిగి, మళ్ళీ కూసినప్పుడు మళ్ళీ చాపాలట. ఆ రెండు దారులూ కలిసేచోట కోడి ఉంటుందట. నోరు తెరిచి నిలబడ్డాను. రెండు దోమలు లోపలికి వెళ్ళాయి.

అంతలో కోడి కూసింది, స్పష్టంగా మా కుడివైపు. బాబాయి ధీమాగా ఎడమవైపు చెయ్యి చాపి నడిచాడు. మళ్ళీ కుడివైపు కూసింది. బాబాయి మళ్ళీ ఎడమకే తిరిగి మోకాలిలోతు బురదలో దిగబడ్డాడు. నేను నవ్వలేక చచ్చాను. ఆయన మాత్రం చాలాసేపు ఆ బురదలోనే తల అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు. "ఈడ కోళ్ళు మన కోళ్ళలాంటియి కాదు బాబూ," అని ఊరుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే మెస్సులో బల్ల దగ్గర లేచి నిలబడి మొత్తం అభినయించాను. కోడినీ నేనే, బాబాయినీ నేనే. అందరూ పడీపడీ నవ్వారు. బాబాయీ నవ్వాడు. నవ్వనిది ఒక్కరే, బల్ల చివర కూర్చున్న షిప్‌యార్డు సూపర్‌వైజరు. ఆయన మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "కోడి ఏ పక్క కూసింది?" అని అడిగాడు.

కథ మీద అంత శ్రద్ధ చూపిన శ్రోత దొరికాడని పొంగిపోయాను. "రెండుసార్లూ కుడిపక్కే సార్," అన్నాను. బాబాయి తలొంచుకుని అన్నం కలుపుకోసాగాడు.

ఆ వారంలోనే షిప్‌యార్డువాళ్ళు బాబాయిని చెవి పరీక్షకు పంపారు. తుప్పు కొట్టే మోతకు కుడిచెవి పూర్తిగా పోయింది. రెండేళ్ళుగా ఆ సంగతి ఎవరికీ తెలియకుండా నెట్టుకొస్తున్నాడు. పర్మిట్ పొడిగించలేదు. ఒక చెవితో వినేవాడికి శబ్దం ఎటునుంచి వస్తోందో తెలియదని నాకు డాక్టరు చెబితే గాని తెలియలేదు. పేరుకి ఇంజనీర్ని.

బాబాయిని ఊరికి సాగనంపడానికి విమానాశ్రయానికి వెళ్ళాను. కొడుకు చదువు ఏమవుతుందని అడగడానికి ధైర్యం చాలలేదు. ఆయనే నా భుజం తట్టాడు.

"బాగా చెప్పేవు బాబూ ఆ కత. నాకే నవ్వు ఆగలేదు."

నా జన్మలో ఇంతకు మించిన మెచ్చుకోలు రాలేదు, ఇంతవరకు మింగుడూ పడలేదు. ఇస్త్రీ ప్యాంటుతో, నోట్లో దోమలతో నిలబడ్డ ఆ తెలివైన కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మెస్సులో లేచి నిలబడేదాకా మాత్రమే తలచుకుంటాను.