జెండాలో కట్టిన పిప్పరమెంట్లు

ఆ కాలంలో మా ఉదయగిరి పక్క పిల్లల్ని స్వాతంత్ర్యం అంటే ఏమిటని అడిగితే, పిప్పరమెంటు బిళ్ళ అనే చెప్పేవాళ్ళు. వాళ్ళ తప్పేమీ లేదు. పంద్రాగస్టు నాడు జెండా ఎగరేయడం, పాట పాడటం, తలా రెండు బిళ్ళలు పంచడం స్వాతంత్ర్యంతో పాటే పుట్టిన ఆచారాలు. అయితే మా బడిలో పంపకం అయిదో తరగతితో మొదలై కిందికి దిగేది. ఎందుకలా అని అడిగినవాళ్ళు లేరు. నేను పంతులమ్మగా చేరిన మొదటి ఏడు, నా ఒకటో తరగతి దాకా వచ్చేసరికి డబ్బాలో పొడి మిగిలింది. ఆ పొడినే అరచేతుల్లో వేయించుకుని నాకి పిల్లలు సంతోషపడ్డారు గానీ, నాకు మాత్రం కడుపు మండిపోయింది.

మరుసటి ఏడు జెండాలో పూలు పెట్టి ముడి వేసే పని నాకు అప్పగించారు. (ఇరవై ఏళ్ళ వయసు, తెలివికి కొదవ లేదనుకునే రోజులు.) జెండా కర్ర ముందు మొదటి వరసలో నిలబడేది నా పిల్లలే. పూలకు బదులు బిళ్ళలు కడితే తిన్నగా వాళ్ళ కాళ్ళ దగ్గరే రాలతాయి, ఇంకెవరి దయా అక్కర్లేదు. శెట్టిగారి అంగట్లో సేరు బిళ్ళలు కొని ఎవరూ చూడకుండా మూట కట్టేశాను. జెండా పండగ రోజే ఆత్మకూరు నుంచి ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారని, నా ఉద్యోగం ఖాయం చేసేదీ మానేదీ ఆయన రాసే నాలుగు ముక్కల మీదే ఉందని తెలిసి కూడా కట్టాను. పిల్లలకి మాత్రం, పాట అయ్యేదాకా చిటికెన వేలైనా కదపకూడదని పది రోజుల ముందు నుంచే నూరిపోశాను.

ఇన్‌స్పెక్టరుగారు తాడు లాగారు. ముడి ఊడలేదు. మళ్ళీ లాగారు. "ఏందమ్మా, రాళ్ళేమన్నా కట్టినావా?" అని మా బడి హెడ్మాస్టరు పెద్దయ్యవారు నా చెవి దగ్గర గొణిగారు. మూడోసారికి ఊడింది. బిళ్ళలన్నీ ముందు ఇన్‌స్పెక్టరుగారి తలపాగా మీద, ఆ తరవాత నేల మీద టపటపా రాలాయి. ఏం చేయాలో తోచక పాట ఎత్తుకున్నాను. వెనక వరసల్లోని అయిదో తరగతికి నా శిక్షణ లేదు గదా, "ఒరే, ఆడ ఇంకా ఉండాయిరా" అంటూ దూసుకొచ్చి, నా పిల్లల కాళ్ళ సందుల్లోంచే ఏరుకుపోయారు. నావాళ్ళు మాత్రం చేతులు కిందికి బిగించి కళ్ళు మాత్రమే తిప్పుతూ నిలబడ్డారు. పాట అయ్యేసరికి నేల ఊడ్చినట్టుంది. అప్పుడు వరస చివరి పిల్ల నెమ్మదిగా అడిగింది. "టీచరమ్మా, ఇప్పుడు కదలొచ్చునా?"

నాకు ఏడుపు ఆగలేదు. ఇన్‌స్పెక్టరుగారు తలపాగా మడతలు తడుముకుని, దొరికిన మూడు బిళ్ళలూ ఆ పిల్ల చేతిలో పెట్టారు. "మీ డబ్బా ఏదండీ అయ్యవారూ? ఈ చివర నుంచి మొదలుపెట్టండి" అన్నారు. అప్పటి నుంచి మా బడిలో పంపకం ఒకటో తరగతితోనే మొదలైంది. నా ఉద్యోగమూ నిలిచింది.

"ముందు చిన్నపిల్లలకి ఇద్దామండీ" అని పెద్దయ్యవారితో ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట అనడానికి భయపడి, ఇన్‌స్పెక్టరు నెత్తిన సేరు బిళ్ళలు కుమ్మరించడానికి మాత్రం జంకని ఆ పంతులమ్మని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది.