ఎనిమిదింటికే చోటు

"...అంటే తొమ్మిదో వాయిద్యం పెట్టాలంటే మీ కొట్లో రికార్డింగ్ పెట్టె కొనాలి, అంతేనా?"

"నేను కొనమన్నానా బావా? యాప్ కంపెనీవాళ్లే ఎందుకు పెట్టరని అడిగావు, చెప్పాను."

"చెబుతావు. అమ్మేవాడివి గనక అలాగే చెబుతావు."

డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్పి వచ్చిన ఆమె గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఆగింది. భర్త మంచం అంచున కూర్చుని ఫోన్ వైపు గుడ్లురిమి చూస్తున్నాడు. ఆమె తమ్ముడు టీ గ్లాసు పట్టుకుని ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడ్డాడు. అతను వాయిద్యాల దుకాణంలో పనిచేస్తాడు. మూడు రోజులుగా వీళ్లిద్దరిదీ ఇదే గొడవ. ఈపాటికి పక్కింటివాళ్లకి కూడా కంఠతా వచ్చేసి ఉంటుంది.

ఆమె భర్త ఒక ఎనిమిదంతస్తుల ఆఫీసు భవనంలో ఇరవై రెండేళ్లు లిఫ్టు నడిపాడు. అందరూ లిఫ్టాయన అనే పిలిచేవారు. మూలన స్టూలు మీద కూర్చుని, జనం లేని వేళల్లో ఫోన్‌లో పాటలు కట్టేవాడు. సంగీతం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. నాలుగో అంతస్తుకీ ఏడో అంతస్తుకీ మధ్య రెండు బొటనవేళ్లతో డోలు మోత పలికించేవాడు. ఏడులో ఎవరైనా ఎక్కితే ఫోన్ జేబులో పెట్టేసి, ఏ అంతస్తని అడిగేవాడు.

ఆయన పాటలు కట్టే యాప్ ఉచితంగా వచ్చింది. తయారుచేసిన కంపెనీయే కీబోర్డులూ, రికార్డింగ్ పెట్టెలూ, కంప్యూటర్‌లో వేసుకునే పెద్ద ప్రోగ్రామూ అమ్ముతుంది. యాప్‌లో ఎనిమిది వరుసలు. వరుసకొక వాయిద్యం. తొమ్మిదోది కావాలంటే అంతకుముందున్న రెండింటిని కలిపి ఒకటి చెయ్యాలి. కలిపాక మళ్లీ విడదీయడం కుదరదు. పాలలో పోసిన నీళ్లతో సమానం.

ఊళ్లోని చిన్న రేడియో కేంద్రం పొద్దుటి ఆరోగ్య కార్యక్రమానికి ముందు వేసుకోవడానికి ఒక పాట కావాలని అడిగింది. ఆ కార్యక్రమం నడిపే మేడమ్ ఆఫీసు అదే భవనంలో, ఆరో అంతస్తులో. లిఫ్టులో ఆమె చాలాసార్లు ఆయన పాటలు విన్నది. ఆయన నెల రోజులు కూర్చుని తొమ్మిది వాయిద్యాలతో పాట కట్టాడు. వాటిలో ఒకటి వాయిద్యం కాదు, పాత లిఫ్టు గంట. అంతస్తు వచ్చినప్పుడల్లా ఒక్కసారి మోగే ఇత్తడి గంట. లిఫ్టు మార్చేస్తారని తెలిసిన రోజు దాన్ని ఆ యాప్‌లోనే రికార్డు చేసుకున్నాడు. చివర్లో వేణువుకి చోటు చాలక, రెండూ మోతలే కదా అని గంటనీ డోలునీ కలిపేశాడు.

కొత్త లిఫ్టులో అంతస్తు పేరు ఒక ఆడగొంతు చెబుతుంది. దానికి నడిపే మనిషి అక్కర్లేదు. ఇప్పుడాయన గేటు దగ్గర బల్ల ముందు కూర్చుని వచ్చేపోయేవాళ్ల పేర్లు రాస్తున్నాడు. విప్పిన పాత లిఫ్టు సామాను సెల్లారులో పడి ఉంది. దాన్ని తీసుకెళ్లడానికి పాత ఇనుము లారీ శనివారం వస్తుంది.

మేడమ్ సోమవారం బల్ల దగ్గర ఆగింది.

"పాట బావుందండీ, ముఖ్యంగా ఆ గంట. కానీ నేను మాట్లాడటం మొదలుపెట్టేసరికి డోలు నా గొంతు మీద కూర్చుంటోంది. డోలు ఒక్కటీ తగ్గించి, వచ్చే సోమవారానికి ఇస్తారా? లేదంటే పాత సంగీతమే ఉంచేస్తామంటున్నారు మావాళ్లు."

ఇస్తానన్నాడు. ఇంటికొచ్చి డోలు తగ్గించాడు. దాంతోపాటు గంటా మునిగిపోయింది. గంట పెంచితే డోలు లేచి కూర్చుంది. కంపెనీకి మెయిల్ రాశాడు. "మీ సూచనకు ధన్యవాదాలు. ఆ సౌకర్యం మా కంప్యూటర్ ప్రోగ్రాంలో లభిస్తుంది" అని జవాబొచ్చింది. మళ్లీ రాశాడు. అదే జవాబు. మూడోసారి తిట్టాడు. దానికీ ధన్యవాదాలే చెప్పారు.

"నీ లిఫ్టులో ఎనిమిది మందే ఎక్కాలని రాసుండేది కదా బావా?" అన్నాడు తమ్ముడు టీ ఊదుకుంటూ. "తొమ్మిదోవాణ్ని ఎక్కించావా ఎప్పుడైనా?"

"తాడు తెగుతుందని ఎక్కించలేదు. అయినా తొమ్మిదోవాడొచ్చాడని, లోపలున్నవాళ్లలో ఇద్దర్ని పిసికి ఒకణ్ణి చెయ్యలేదు! ఈ ఫోన్‌లో ఏ తాడు తెగుతుందిరా?"

"తాడు మా కొట్లో ఉంది. అన్నీ ఫోన్‌లోనే ఇచ్చేస్తే పెట్టెలెవరు కొంటారు? పెట్టెలు పోకపోతే నాకు జీతమెవరిస్తారు? రుచి చూపించడానికి గరిటెడు పెడతారు, కడుపునిండా పెట్టరు."

"ఆరేళ్లుగా రుచే చూస్తున్నాను!"

"అదొక్కటే కాదులే. వరుసలు పెంచితే పాత ఫోన్లు వేడెక్కి ఆగిపోతాయి, అందరూ కంపెనీనే తిడతారు. కొత్తవాళ్లు ఇన్ని మీటలు చూస్తే హడలిపోతారు."

"ఆ మాట నిజం," అంది ఆమె కుర్చీలో కూలబడుతూ. పొద్దుట్నుంచి నలుగురికి క్లచ్ నేర్పి ఆమె మోకాలు నొప్పెడుతోంది. "నేర్చుకునేవాళ్ల కారులో నా కాలి కింద ఇంకో బ్రేకు ఎందుకుంటుందంటారు? అన్నీ వాళ్ల చేతికిస్తే నేరుగా గోడలోకే."

"ఆరేళ్లు నడిపినవాడి కారులో కూడా ఆ బ్రేకు నీ కాలికిందే ఉంచుకుంటావా?"

ఆమె నవ్వింది. "మీరు నడిపేటప్పుడు ఉంటే బావుణ్ణు."

తమ్ముడు కూడా నవ్వాడు. ఆయన నవ్వలేదు. ఫోన్‌ని దిండు మీదికి గిరాటేశాడు. కొంచెంసేపటికి మళ్లీ తనే తీసుకుని, అద్దం పగిలిందేమోనని చొక్కాతో తుడిచి చూశాడు.

"సరేరా. ఆ పెట్టె ఒక్క రోజుకి తెచ్చివ్వు. సోమవారం ఈ పాట పోయిందంటే, ఇక ఆ బల్ల దగ్గర పేర్లు రాసుకుంటూ కూర్చోవడమే."

తమ్ముడు గ్లాసు కింద పెట్టాడు.

"తెచ్చినా లాభం లేదు బావా. పెట్టెలో నలభై వరుసలుంటాయి, కాదనను. కానీ నువ్వు కలిపేసినవి ఏ పెట్టె కూడా శుభ్రంగా విడదీయలేదు. కలపకముందు అడిగుంటే చెప్పేవాణ్ణి."

"విడిగా దాచిన గంట లేదూ?" అంది ఆమె.

"కలపగానే విడివిడిగా ఉన్నవాటిని యాప్ చెరిపేస్తుంది," అన్నాడాయన. " చోటు మిగలాలిగా, మహానుభావులకి!"

వంటింట్లో కుళాయి బొట్టుబొట్టుగా కారుతోంది. ఆమె లేచి దాన్ని గట్టిగా కట్టేసి వచ్చింది.

"అసలు గంటెక్కడుంది?"

"అసలు గంటేమిటి?"

"లిఫ్టుకున్న ఇత్తడిది. మోగేది."

"సెల్లారులో. సామానుతో పాటే." ఆయన మాట మధ్యలో ఆగాడు. "తలుపు పైన పట్టీకి బిగించి ఉండేది. నాలుగు స్క్రూలు."

"లారీ శనివారం కదా?" అన్నాడు తమ్ముడు.

"ఇవాళ గురువారం."

ఆయన ఫోన్ తెరిచాడు. వరుసలన్నీ ఒక్కొక్కటిగా పైకి జరుపుతూ చూశాడు. వేణువు దగ్గర ఆగి, దాన్నొకసారి మోగించి విన్నాడు. తర్వాత ఫోన్ బోర్లా పెట్టి, బామ్మర్ది వైపు తిరిగాడు.

"నీ స్క్రూడ్రైవర్ పొద్దున్నే తెచ్చివ్వు. మేనేజర్ని అడిగి ఆ గంట విప్పుకుంటాను. డోలు మళ్లీ వాయిస్తాను, గంట మళ్లీ రికార్డు చేస్తాను. ఈసారి ఎనిమిదే. వేణువు తీసేస్తున్నాను."