గడ్డి పందెం, దుబ్బ పందెం

మొన్న బుధవారం సాయంత్రం సిరోంచ బస్సు కండక్టర్ బస్టాండ్ నుంచి నేరుగా మా ఇంటికే వచ్చిండు. గడ్చిరోలిల ఉంటున్న మాకు ఊరి ముచ్చట ఏదైనా ఆయన నోటినే వస్తది. "వదినా, మీ పెద్దమామ పోయిండు. పొద్దుగాల్నే" అని చెప్పి, నీళ్ళు తాగి, తల వంచుకొని పోయిండు. పెద్దమామ అంటె మా ఆయన పెద్దనాయన. నేను కోడలినై ఆ ఇంట్ల కాలు పెట్టిన నాటి నుంచి నన్ను 'బిడ్డా' అని తప్ప పిలువలె.

తెల్లారి బస్సుకు మేం పోయేసరికి కాష్టం ఆరిపోయింది. మూడోనాడు పిట్టకు ముద్ద పెట్టినంక అరుగు మీద కూసున్న చుట్టం ఒకాయన అన్నడు: "పాపం, గుర్రాల పిచ్చిల బతుకంత దుబ్బల పోసుకున్నడు. ఒక్క పందెమన్న గెలిచిండా?" నలుగురు తలకాయలూపిండ్రు. చావింట్ల ఆడిది నోరు లేపొద్దంటరు. నేను లేపిన. "గెలిచిండు. నేను చూసిన" అన్న. నవ్విండ్రు. అందుకే ఇది రాస్తున్న. వాళ్ళు వినకపోతె పాయె, మీరన్న వినుండ్రి.

మా అత్తగారిది భూమి లేని ఇల్లు. తాతల కాలం నుంచి పటేల్ పొలాలల్ల నాట్లు, కోతలు. పెద్దమామకు మాత్రం ఆ వంగుడు నచ్చలె. మీసం రాకముందే హైద్రాబాద్ పారిపోయి గుర్రప్పందేల మైదానంల సాయిస్‌గ చేరిండు. సాయిస్ అంటె గుర్రాన్ని కడిగి, తోమి, దాణా పెట్టి, పందెం నాడు కళ్ళెం పట్టి నడిపిచ్చుకపోయి ఇంకొకనికి అప్పజెప్పెటోడు. జవానీ అంత ఆ కొట్టాలల్లనే పోయింది. ఒక్కనాడన్న ఆ గడ్డి మీద గుర్రమెక్కి ఉరికింది లేదు.

నా పెండ్లయిన ఏడాదే ఆయన తిరిగొచ్చిండు, ఒక ఆడగుర్రంతోని. మోకాలు వాచింది, ఇగ ఉరకదని యజమాని వదిలేస్తుంటె "నాకియ్యుండ్రి సాబ్" అని అడిగి తెచ్చుకున్నడట. రోడ్డు పొంటి నడిపిచ్చుకుంట వచ్చి, నీళ్ళు తక్కువున్న చోట గోదారి దాటిచ్చి మా ఒడ్డుకు తెచ్చిండు. మా అత్త నెత్తి కొట్టుకున్నది. "మనకే గంజికి కష్టమైతాంటె దీనికి దాణా ఏడికెళ్ళి తెస్తవు బావా?" అన్నది. "నేను తినేది తగ్గిస్త. నీదేం పోయింది?" అన్నడు. గట్లనే తగ్గిచ్చిండు గూడ. మొండి మనిషి.

ఏ గడ్డి తెచ్చినా ముందుగాల ఆయన వాసన చూసి, ఒక పోచ నమిలి, అటెన్కనే గుర్రానికి వేసేటోడు. కొట్టంల బీడీ ముట్టిచ్చేటోడు కాదు, చెవు మీద పెట్టుకొని తిరిగేటోడు. నేను కొంగు కప్పుకొని తలుపు ఎన్క నిలవడితె, "మాట్లాడు బిడ్డా. గుర్రమెట్లాగు మాట్లాడది, నువ్వన్న మాట్లాడు" అనేటోడు. ఆ ఇంట్ల నాకు నోరొచ్చింది ఆయన పుణ్యాన్నే. ఇయ్యాల ఆ నోరు ఆయన కోసం లేస్తె తప్పేంది?

మొదట్ల ఆయనకు గడ్డి పందెమే పందెం. "అబ్బ, ఏం చెప్పాలె బిడ్డా! పచ్చటి గడ్డి మీద గుర్రాలు పోతాంటె చప్పుడే తక్కువ. సగం దూరం దాంక ఎవడూ తొందరపడడు. దమ్ము దాచుకుంటరు. ఆఖరు మలుపు తిరుగంగనే ఒక్కసారి ఇడుస్తరు చూడు, మెట్ల మీద కూసున్న జనమంత లేసి నిలవడతరు!" అని చెప్పుకుంట ఆయన గూడ లేసి నిలవడేటోడు. మా మామ విని విని, "ఇగ కూసో అన్నా, ఆ గుర్రాలు ఎప్పుడో ఇంటికి పోయినయి" అనేటోడు.

మా దిక్కు పందెం వేరే, దుబ్బ పందెం, దుమ్ముల ఉరుకుడు. జిమల్‌గట్ట, రేగుంట అంగళ్ళకు ఉప్పు, బట్టలు మోసే పొట్టి తట్టు గుర్రాలు అప్పట్ల మస్తుండేటియి. ఎండకాలం జాతరకు కోతలైన చేన్ల వాటిని ఉరికిచ్చేటోళ్ళు. నల్లరేగడి ఎండి పెల్లలు పెల్లలుగ ఉంటది. ముందటి గుర్రం డెక్కలు లేపిన పెల్లలన్నీ ఎన్కటోని మొఖానికే. దమ్ము దాచుకునుడు ఏం లేదు, మొదటి దుముకుకే పోవాలె. పటేల్ కొడుకు చాందా నుంచి తెప్పిచ్చిన నల్లగుర్రమెక్కి ఏటేటా ముందట వచ్చేటోడు.

ఆడగుర్రం మోకాలు వాపు తగ్గినంక పెద్దమామ గూడ పోయిండు. గడ్డి మీద పెరిగిన జీవి, దానికి దుబ్బ సంగతి ఏం ఎరుక? మొదటి పెల్ల ముక్కుకు తగలంగనే ఆగి, ఎన్కకు తిరిగి, మెల్లగ నడుసుకుంట వచ్చింది. జనం పడి పడి నవ్విండ్రు. "హైద్రాబాద్ దొరసానికి నామోషైతాంది!" అన్నరు. పటేల్ కొడుకు మాత్రం నవ్వలె. పెద్దమామ దగ్గరకొచ్చి, "పట్టుడు మీది, ఎక్కుడు మాది. పట్టుకునే ఉండు" అన్నడు.

ఆ మాట నేను నా చెవులతోని విన్న. పెద్దమామ మొఖం నల్లబడ్డది. ఇంటికొచ్చి అన్నం ముట్టలె. "బిడ్డా, వచ్చేయేడు దీని మీద కూసోని ఆని ముందట పోత. పోకపోతె మళ్ళ గుర్రం పేరే ఎత్తను" అన్నడు. ఆ రోజు నుంచే గుర్రానికి దొరసాని అనే పేరు పెట్టుకున్నడు. నవ్వినోళ్ళ నోట్లెకెళ్ళి గుంజుకున్నట్టు, బజార్ల గట్టిగ పిలిచేటోడు.

ఇగ చూడుండ్రి, దాన్ని దుబ్బకు అలవాటు చేసిన తీరు. పొద్దుగూకంగ ఊరి పసులమంద అడివి నుంచి వస్తది గద, ఆ మంద ఎన్కనే దొరసానిని నడిపిచ్చేటోడు. మంద లేపిన దుబ్బంత దాని మొఖాన, ఆయన మొఖాన. రోజూ దయ్యం లెక్క ఇంటికొచ్చేటోడు. "బట్టలు ఉతికి ఉతికి నా చేతులు పోతున్నయి మామా" అని నేను కయ్యం పెట్టుకున్న. ఒకనాడు ఉండలేక అడిగిన: "గడ్డి పందెమే గొప్పదంటివి. మరి ఈ దుబ్బల ఏమున్నదని?"

నీళ్ళతోని గుర్రం కండ్లు తుడుసుకుంటనే చెప్పిండు. "గడ్డి మీద సంబురం మెట్ల మీద కూసున్నోనిది. దుబ్బ మీద సంబురం జీను మీద కూసున్నోనిది. నాకు అక్కడ మెట్లూ లేకుండె, జీనూ లేకుండె బిడ్డా." ఇగ నేను కయ్యం మాని బట్టలుతికిన.

మళ్ళ జాతరొచ్చింది. చేను గెట్టు మీద నేను, మా అత్త నిలవడ్డం. కండ్లు ఆర్పకుంట చూస్తున్న. జెండా ఊపంగనే ఏమైందో ఏమొ, ఏడాదంత ఆవుల ఎన్క దుబ్బ తిన్న కోపం గావచ్చు, దొరసాని ఒక్కదాన్నన్న ముందటికి రానియ్యలె. మొదటి దుముకుకే పోయింది. పెద్దమామ దాని మెడ మీద వంగిండు. పొలంల వంగనన్నోడు అక్కడ వంగిండు. అటెన్క దుబ్బ లేసి మబ్బు కమ్మింది. గుర్రాలు లేవు, మనుషులు లేరు, డెక్కల దడదడ ఒక్కటే. గడ్డి పందెం నేను చూడలె. చూసినోళ్ళు ఎంతన్న చెప్పుకోనియ్యి, గింత పరేషాన్ దాంట్ల ఉంటదంటె నేను నమ్మ.

దుబ్బ జరంత తగ్గేసరికి అన్ని గుర్రాలూ గీత దాటి అవతల ఉన్నయి. గెలుపు తీర్పు చెప్పే పంచులు ముగ్గురు గుసగుస పెట్టుకున్నరు. ముగ్గురూ పటేల్ ఇంట్ల చాయ్ తాగెటోళ్ళే. "దుబ్బల సరిగ్గ కనవడలేదు గాని, నల్లగుర్రమే ముందట" అని చెప్పి పటేల్ కొడుకు మెడల దండ వేసిండ్రు. మా అత్త మన్ను ఎత్తి పోసింది. నాకు ఏడుపొచ్చింది.

పెద్దమామ లొల్లి పెట్టలె. గుర్రం దిగలె. మెల్లగ నడిపిచ్చుకుంట పోయి, పటేల్ కొడుకు పక్కకు, దండ పక్కకే, దొరసానిని నిలవెట్టిండు. ఇద్దరూ జీన్ల మీద, ఊరంత ముంగట.

పెద్దమామ మొఖం మీద చెమట తప్ప ఏం లేదు. పటేల్ కొడుకు నెత్తి నిండ పెల్లలు, మీసాలల్ల దుబ్బ, పండ్లల్ల దుబ్బ, దండ మీద దుబ్బ. థూ థూ అని ఊంచుతున్నడు. ముందట ఒక గుర్రం లేకపోతె ఆ మన్ను ఏడికెళ్ళి వచ్చింది? చల్ల అమ్మే ముసల్ది మొదట నవ్వింది. అటెన్క ఊరు ఊరంత నవ్వింది. పంచులు ఒకని మొఖం ఒకడు చూసుకున్నరు గాని, చెప్పిన మాట మార్చలె.

పెద్దమామ భుజం మీది తెల్ల తువ్వాల తీసి, చెయ్యి చాపి, "తుడుసుకో బిడ్డా" అన్నడు.

పటేల్ కొడుకు అందరి దిక్కు చూసిండు. కండ్లల్ల మన్ను మండుతాంటె ఎంతసేపు ఆగుతడు? మా ఇంటి తువ్వాల తీసుకొని, మెడల దండతోనే, మొఖం తుడుసుకున్నడు.