పిన్ని, డ్రమ్మర్ పుస్తకం, మా అక్క

మా పిన్ని పోయింది. ఆదివారం పొద్దున దవాఖానా నుంచి అక్క ఫోన్ చేసి చెప్పింది. ఏడుపు తన్నుకొస్తున్నా, ఈ కబురు నాకంటే ముందు తనకే తెలిసిందని లోపల చురుక్కుమంది. అక్క అంటే పెద్దమ్మ కూతురు, పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాతో పాటలు పాడుతుంది. పిల్లల్లేని పిన్నికి మేమిద్దరమంటే ప్రాణం. ఎవరంటే ఎక్కువ ప్రాణం అన్నదే నా బాధంతా.

పిన్ని పాల్వంచ కాలనీ బడిలో ఇంగ్లీషు టీచరు. రిటైరయ్యాక, ఎవరో విదేశీ డ్రమ్మర్ రాసుకున్న ఆత్మకథ తెచ్చి మా ఇద్దరినీ కూర్చోబెట్టింది. దోస్తులతో ముచ్చట పెట్టినట్టే రాశాడాయన. సగం మాటలు మింగేస్తాడు, మధ్యమధ్యలో తిట్లు. పిన్ని పద్ధతి ఒకటే. ఒక పేజీ పైకి చదవాలి. తర్వాత పుస్తకం మూసి, ఆ మనిషే మన బస్టాండులో నిలబడి తెలుగులో చెప్తే ఎట్లా ఉంటుందో చెప్పాలి.

ఇంగ్లీషు ఎమ్మే చదివింది నేను. ప్రోగ్రాం అయ్యాక వానలో డ్రమ్ములు మోసిన పేజీ నా వంతుకు వచ్చింది. "మేము మిక్కిలి అలసిపోయాము" అన్నాను. పిన్ని పల్లీలు నములుతూ అక్క వైపు చూసింది. బూర్గంపాడు పెళ్లిలో పాడి, వానలో తడుస్తూ స్పీకర్లు మోసిన మనిషి అక్క.

"సచ్చిపోయినం పో. వాన ఆగదు, బండి కదలదు" అంది అక్క.

"ఇగో, గిప్పుడు మాట్లాడిండు ఆయన" అని పిన్ని మురిసిపోయింది. నాతో మాత్రం, "నువ్వు చదువుతున్నవ్ బిడ్డా, వింటలేవు" అంది. ప్రేమగానే అంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఆ వారమంతా అక్కతో మాట్లాడలేదు. ఇప్పుడు కాలేజీలో నేను పాఠం చెప్పేది ఆ పద్ధతిలోనే. పిన్ని పెట్టిన భిక్ష అది.

మొన్న పక్షవాతం వచ్చి ఖమ్మం దవాఖానాలో చేర్చేసరికి పిన్ని మాట ముద్దయిపోయింది. శనివారం మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని ఏదో అంది. మళ్లీ అంది. చెవి దగ్గరగా పెట్టినా నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. చివరికి మంచం పక్కనే ఉన్న అక్కనే అడగాల్సి వచ్చింది.

"నువ్వు తిన్నవా అంటున్నది" అంది అక్క.

పిన్ని ఆఖరి మాట నా కోసమే. అదీ అక్క నోటి నుంచే విన్నాను. తిన్నానని తలూపితే పిన్ని నమ్మలేదు. అక్క టిఫిన్ డబ్బా మూత తీసి నా ఒళ్లో పెట్టింది. నేను ఇడ్లీ తింటున్నంతసేపూ పిన్ని నా నోటి వైపే చూస్తూ ఉంది.