ఆరో మంచం చార్జి

1988లో, వానలు మొదలయ్యే రోజుల్లో, నన్ను పాల్వంచలోని ఒక కంపెనీ కాలనీ ఆసుపత్రికి స్టాఫ్ నర్సుగా వేశారు. అది మూడు షిఫ్టుల ఊరు. సైరన్ మోగితే ఇళ్లకు పోయే సైకిళ్లు ఒకవైపు, డ్యూటీకి వచ్చే సైకిళ్లు ఇంకోవైపు. మా ఆసుపత్రిలో కూడా రోజు మూడు డ్యూటీలుగానే నడిచేది.

మరుసటి ఏడాది మా మెడికల్ ఆఫీసర్ నన్ను గదికి పిలిచారు. భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట ఒక ట్రస్టువాళ్లు వృద్ధాశ్రమం నడుపుతున్నారట. అక్కడ నర్సు లేదు. వారానికొకసారి ఆఫ్ రోజున వెళ్లి చూసి రాగలవా అని అడిగారు. పై ఆఫీసర్ అలా అడిగితే దాన్ని ప్రశ్న అనుకునేంత అమాయకురాలిని కాను. సరే సర్ అన్నాను. సేవాభావం పొంగి వెళ్లానని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. ఆఫ్ రోజు పోయినందుకు బస్సులో కూర్చున్నంతసేపూ సణుక్కుంటూనే వెళ్లాను.

రోడ్డు దిగి టేకు చెట్ల మధ్య కాస్త నడిస్తే ఆశ్రమం. రేకుల కప్పు, పొడవాటి వరండా, ఆడవాళ్లకు ఒక హాలు, మగవాళ్లకు ఒక హాలు. నాకు అప్పగించింది ఆడవాళ్ల హాలు. ఎనిమిది మంచాలు, ఎనిమిది మంది ముసలమ్మలు. అందులో సగం మందికి మతి నిలవదు. డిమెన్షియా అనే మాట ఇప్పుడు పేపర్లలో కూడా కనిపిస్తోంది గానీ అప్పట్లో డాక్టర్లే అరుదుగా అనేవారు. మామూలు జనం సోయి తప్పింది అని ఊరుకునేవారు.

మేనేజర్ నర్సింహారావు గారు నాకు హాలు చూపిస్తూ గొంతు తగ్గించి ఒక్కరి గురించి ప్రత్యేకంగా చెప్పారు. ఆరో మంచం ఆవిడ మధ్యాహ్నం అయ్యేసరికి తలుపుకు అడ్డంగా నిలబడుతుందట. ఎవర్నీ బయటికి పోనివ్వదు, అన్నం ముట్టదు. పడుకున్నవాళ్ల కనురెప్పలు ఎత్తి చూస్తుంది, చెయ్యి పట్టుకొని నాడి చూస్తుంది, పక్క సరిగా లేదని కసురుతుంది. మిగతా వాళ్ల ఇళ్లవాళ్లు వచ్చి గొడవ పెడుతున్నారు.

ఆవిడ కిటికీ దగ్గర నిలబడి ఉంది. గంజి పెట్టిన తెల్లచీర, బిగించి వేసుకున్న ముడి. ఇటు తిరగగానే నా నడుము దానంతట అదే నిటారుగా అయింది. ఆమె మా అనసూయమ్మ మేడం. నా ట్రైనింగు రోజుల్లో మాకు మేట్రన్, అంటే నర్సులందరికీ పైన ఉండే అధికారి. ఆమె వార్డులోకి వస్తోందంటే హౌస్ సర్జన్లు కూడా సిగరెట్లు ఆర్పేవారు. మా నాన్న ఖమ్మంలో పరుపులు కుట్టేవాడు. ఆయన కూతురినైన ఈ రజియాను, పరుపు మీద ముడత లేకుండా దుప్పటి పరవడం రాదని ఆమె నలుగురిలో నిలబెట్టి కడిగేసిన రోజు నాకిప్పటికీ గుర్తే.

ఆమె నన్ను గుర్తు పట్టలేదు. పైనుంచి కిందికి చూసి, “క్యాప్ ఏది?” అంది.

అప్పుడు నాకు విషయం అర్థమైంది. నర్సింగులో ఒక పద్ధతి ఉంది. డ్యూటీ అయిపోయిన సిస్టరు ఇంటికి పోవాలంటే రిలీవరు రావాలి. రిలీవరు అంటే తర్వాతి డ్యూటీ సిస్టరు. ఇద్దరూ కలిసి మొదటి మంచం నుంచి చివరి మంచం దాకా నడవాలి. ఎవరికి ఏం జబ్బు, ఏం తిన్నారు, ఎవరి నడుముకు పుండు పడింది, అన్నీ పోయేది చెప్పాలి, వచ్చేది “తీసుకున్నాను” అనాలి. దీన్ని హాండోవర్ అంటాం. అది కాకుండా వార్డు విడిచిపెడితే సస్పెన్షనే. మేడం ఎవరినీ అడ్డుకోవడం లేదు. రిలీవరు కోసం ఎదురు చూస్తోంది. ఆశ్రమానికి వచ్చిన నాటి నుంచీ ఆమె డ్యూటీ దిగలేదు.

తర్వాతి వారం నా యూనిఫాం సంచిలో పెట్టుకొని వెళ్లాను. బాత్రూంలో మార్చుకొని, క్యాప్ పెట్టుకొని, మధ్యాహ్నం డ్యూటీ మారే వేళకు హాల్లోకి వచ్చి, “గుడ్ ఆఫ్టర్‌నూన్ మేడం, రిలీవ్ చేస్తాను” అన్నాను. ఆమె ముఖంలో బిగువు సడలింది. మంచం తర్వాత మంచం నడిపించింది. చెప్పినవాటిలో సగం ఎప్పుడో చచ్చిపోయిన పేషెంట్ల సంగతులే అయి ఉండాలి. ఆరో మంచం దగ్గరికి రాగానే “ఇది ఖాళీ” అని దాటేసింది. చివర్లో నేను తీసుకున్నానని చెప్పగానే చేతులు కడుక్కొని పీట మీద కూర్చొని కడుపునిండా అన్నం తింది.

మేనేజరు గారు నన్ను ఆకాశానికెత్తారు. నాకు మాత్రం లోపల బాగా లేదు. డ్యూటీలో లేనప్పుడు యూనిఫాం వేసుకోకూడదని మాకు నేర్పింది ఆమే. ఆ యూనిఫాం వేసుకొని ఆమెనే మోసం చేస్తున్నాను. మిగతా రోజుల్లో రిలీవరుగా నిలబడమని ఆయా లచ్చమ్మకు నా పాత తెల్ల ఏప్రాన్ ఇచ్చాను. లచ్చమ్మ పక్క గూడెం మనిషి. “సిస్టరమ్మా, పెద్దమ్మ నన్ను రోజూ తిడుతది గని, తీసుకున్న అనంగనే బువ్వ తింటది” అని నవ్వేది.

ఇక పక్క సంగతి. మేడం తెల్లవారేసరికి పక్క తడుపుకొనేది. తడిసిన దుప్పటి మడత పెట్టి దిండు కింద దాచేది. మంచాల మీద దూది పరుపులు. పరుపుల వాడి కూతురిని కాబట్టి నాకు తెలుసు, తడిసిన దూది పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల ఆరదు. అందుకని మేకింటోష్ వేయించాను. అంటే పరుపు తడవకుండా దుప్పటి కింద వేసే ఎర్ర రబ్బరు షీటు. అయినా వాసన ఆగేది కాదు.

ఎండలు ముదిరాక ట్రస్టు కమిటీవాళ్లు చూడ్డానికి వస్తున్నారని తెలిసింది. మేనేజరు గారు నన్ను పక్కకు పిలిచి విషయం తేల్చేశారు. కమిటీ ముందు ఆవిడ గొడవ చేసిందంటే ఇక ఉంచుకోలేమని, ఆమె అన్న కొడుకుకు జాబు రాసి తీసుకుపొమ్మంటామని చెప్పారు. ఆ మేనల్లుడిది ముదిగొండ. అంతకుముందు ఒకసారి వచ్చినప్పుడు నాతో మాట్లాడాడు. చెడ్డవాడు కాదు. “మా అత్త బజార్ల నిలవడి వచ్చేటోళ్లను పోయేటోళ్లను ఆపుతుండె సిస్టర్. ఊర్ల తల ఎత్తుకోలేకపోయిన. మేము చేనుకాడికి పోతే బయట గొళ్లెం పెట్టి పోవాలె, ఇంకేం చెయ్యాలె?” అని నేల చూపులు చూశాడు. అంటే, కమిటీ వచ్చే రోజు సవ్యంగా గడవకపోతే మా మేడం ఒక గదిలో గొళ్లెం వెనక ఉంటుంది.

ఆ రోజు పొద్దున్నే వెళ్లాను. బీడీలు చుట్టే తునికాకు కోసే కాలం. గూడెం మొత్తం ఆకుకు అడవిలోకి పోతుంది కాబట్టి లచ్చమ్మ ఆలస్యంగా వచ్చింది. ఎనిమిది పక్కలూ నేనే మార్చాలి. మేడం స్నానం కాకుండానే కిటికీ దగ్గర నిలబడి తల దువ్వుకుంటోంది. నేను ఆరో మంచం దిండు ఎత్తి, తడి దుప్పటి లాగి దులిపి, అప్పుడే వరండాలోకి అడుగుపెట్టిన లచ్చమ్మకు వినపడేలా కేకేశాను. “ఆరో బెడ్డు మళ్లీ తడిపింది, మళ్లీ దాచింది, రబ్బరు షీటు కడగాలె, జల్దీ రా!”

వార్డుల్లో మేం అలాగే మాట్లాడతాం. పేషెంటుకు పేరుండదు, బెడ్డు నంబరే. ఈ చివర నుంచి ఆ చివరకు, పేషెంటు తల మీదుగా అన్నీ అరిచి చెప్పుకుంటాం. అందులో తప్పుందని నాకు అప్పటివరకూ తోచలేదు. హాల్లో ముసలమ్మలు ఒకరిద్దరు కిసుక్కున నవ్వారు. మేడం ఇటు తిరగలేదు. దువ్వెన మాత్రం ఆగిపోయింది. ఆమెకేం తెలుస్తుందిలే అనుకొని ఏడో మంచానికి పోయాను.

కమిటీవాళ్లు డ్యూటీ మారే వేళకే వచ్చారు. కొందరు పెద్దమనుషులు, పట్టుచీరల్లో ఇద్దరు ఆడవాళ్లు. గొడవేదీ జరగలేదని సంతోషించాల్సిన మేనేజరు గారు ఇంకో అడుగు ముందుకు వేశారు. “రండి, ఒక తమాషా చూపిస్తాను” అని వాళ్లను వరండాలోంచి హాలు తలుపు దగ్గరికి తీసుకొచ్చారు. నేను క్యాప్ పెట్టుకొని తయారుగా ఉన్నాను. మానేయాలనిపించింది. మానేస్తే ఆమె తలుపు దగ్గర నిలబడిపోతుంది, అదే వాళ్లు చూస్తారు. గొళ్లెం గుర్తొచ్చి ముందుకే నడిచాను.

మొదటి మంచం దగ్గర మేడం ఎప్పుడో జరిగిన ఆపరేషను గురించి చెప్పింది. తలుపు దగ్గర నవ్వు వినిపించింది. రెండో మంచం దగ్గర నన్ను క్యాప్ సరిచేసుకోమంది. పట్టుచీరల్లో ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మూడో మంచంలో ఉన్న మనిషికి కోయ భాష తప్ప రాదు. “ఈమె మాట మనకు తెల్వదు. మన మాట ఈమెకు తెల్వదు. చేతితోటి అడుగు, నోటితోటి అరవకు” అంది మేడం. అది సరైన మాటే, అయినా నవ్వారు. నాకు నిటారుగా నిలబడటం నేర్పిన మనిషిని ఊరేగిస్తున్నట్టుంది. “యెస్ మేడం” అంటూ తర్వాతి మంచానికి నడిచాను.

ఆరో మంచం దాటిపోతుందనుకున్నాను. ఆ రోజు దాటలేదు. ఖాళీ మంచం ముందు ఆగింది. దగ్గరికి రమ్మని సైగ చేసి, నా చెవి దగ్గరికి వంగి, తలుపు దగ్గరివాళ్లకు వినపడకుండా మొదలుపెట్టింది.

“ఈ పేషెంటు పక్క తడుపుకుంటది. తెల్లారినంక దుప్పటి మడిచి దిండు కింద పెడతది. అది దొంగతనం గాదు, సిగ్గు. నలుగురు ఇనంగ అడగొద్దు. స్నానానికి తోలినంక దుప్పటి తియ్యి. కొత్తది పరిచి ఏం గానట్టు ఉండు. పొద్దున ఎవరో సిస్టరు ఈమె ముందట్నే దులిపి ఒర్రిందట. గామె పేరు కనుక్కొని నాకు చెప్పు.”

తలుపు దగ్గరివాళ్లకు మాట వినపడలేదు గానీ నా ముఖం కనిపించి ఉంటుంది, నవ్వులు ఆగిపోయాయి. ఆమెకు తెలిసి అంటోందా, తెలియక అంటోందా అని ముఖంలోకి చూశాను. రిపోర్టు అడిగే మేట్రన్ ముఖమే అది, ఇంకేమీ కనిపించలేదు. కనుక్కుంటాను మేడం అంటే సరిపోయేది. ఆమె ముందు అబద్ధం చెప్పడం ట్రైనింగు రోజుల్లోనే నా వల్ల కాలేదు.

“నేనే మేడం” అన్నాను.

ఆమె కోప్పడలేదు. నా క్యాప్ వైపు ఒకసారి చూసింది. తప్పు చేసిన నర్సుకు ఆమె వేసే శిక్ష మా అందరికీ తెలుసు. ఏ పేషెంటు దగ్గర తప్పు జరిగిందో ఆ పేషెంటునే అప్పజెప్పేది. “అయితే ఈ బెడ్డు నీ చార్జి. ఇంకెవరికీ ఇయ్యకు. తీసుకున్నవా?” అంది.

“తీసుకున్నాను మేడం.”

ఆమె ఏడు, ఎనిమిది కూడా అప్పజెప్పి, చేతులు కడుక్కొని అన్నానికి కూర్చుంది. కమిటీవాళ్లు మగవాళ్ల హాలు వైపు కదిలారు. పట్టుచీర ఆవిడ వెనకబడి, ఏమంది అని నన్నడిగింది. పేషెంటు సంగతులు బయటివాళ్లకు చెప్పకూడదమ్మా అన్నాను. నేను పొద్దున హాలంతా వినేలా చెప్పింది అదే కదా అని ఆ మాట నోట్లో ఉండగానే గుర్తొచ్చి మరింత చిన్నబోయాను.

మేనేజరు గారు ముదిగొండకు జాబు రాయలేదు. మేడం ఆశ్రమంలోనే ఉంది. ఆమె చివరి రోజు దాకా ఏ ఆఫ్ రోజునా నేను అక్కడికి వెళ్లడం మానలేదు, సణగనూ లేదు. వెళ్లిన ప్రతిసారీ ఆమె స్నానానికి పోయాకే ఆరో మంచం దుప్పటి తీశాను. లచ్చమ్మకూ అదే నేర్పాను. కొన్నాళ్లకు మేడం దుప్పటి దాచడం మానేసింది. ఆ తర్వాత రిలీవరు కోసం చూడటం కూడా మానేసింది. జబ్బు ముదిరిందని దానర్థం. దుప్పటి దాచడం మానింది మాత్రం జబ్బు వల్లనే కాదని నాకొక ఆశ.

తర్వాత నేను వార్డు ఇన్‌చార్జి అయ్యాను. పక్క తడిసిన సంగతి హాండోవర్‌లో చెప్పేటప్పుడు మంచానికి దూరంగా జరిగి, గొంతు తగ్గించి చెప్పాలని, బెడ్డు నంబరుతో కేకెయ్యకూడదని కొత్తగా వచ్చిన సిస్టర్లకు ఆర్డరు పెట్టాను. పేషెంటుకు మతి లేదు కదా, ఏం తెలుస్తుంది అని వాళ్లు అడిగేవారు. మతి పోయినా సిగ్గు పోదు అని చెప్పేదాన్ని. ఇది ఏ పుస్తకంలో ఉంది సిస్టర్ అని ఒకమ్మాయి నిలదీసింది. పుస్తకంలో లేదు, మా మేట్రన్ ఆర్డరు అన్నాను. ఆ ఆర్డరు ఇచ్చిన రోజు ఆమె ఏ మంచం పేషెంటో మాత్రం చెప్పలేదు.