కార్టిసాల్ పరీక్షకు మా అత్త తోడు

ఏడాది నుంచి నాకు ఒకటే నీరసం, ఒళ్ళు కూడా నల్లబడ్డది. ఇంట్లోవాళ్ళు దానికి బద్ధకమని పేరు పెట్టిన్రు. డాక్టరమ్మకు మాత్రం అడ్రినల్ గ్రంథి మీద అనుమానమొచ్చి, అది తయారుచేసే కార్టిసాల్ అనే హార్మోన్ తక్కువైందేమోనని కార్టిసాల్ పరీక్ష రాసింది. అందుకే ఇయ్యాల పొద్దుగాల్నే కారేపల్లి నుంచి మా అత్తను తీసుకొని ఖమ్మం దవాఖానాకు పోయిన.

రక్తం తీసే ముందు ప్రశాంతంగా కూర్చోవాలన్నరు. అత్త పక్కనే కూర్చొని, "మేం దినమంతా పత్తి ఏరినా గిట్ల అలసిపోలె. నీకు రోగం లేదు, ఏం లేదు" అని షురూ చేసింది.

నర్సు విని, "అమ్మా, మీరు జర బయట కూర్చోండి. టెన్షన్‌కు ఈమె కార్టిసాల్ పెరిగితే ఉన్న రోగం కూడా లేనట్టే కనబడుతది" అన్నది.

అంటే ఇన్ని రోజులు ఆ హార్మోన్ నాకు మా అత్తే ఫ్రీగా సప్లై చేస్తున్నదన్నట్టు. రిపోర్టు రేపొస్తది. రోగమని తేలితే ఆ హార్మోన్‌కు బదులు గోలీలు ఇస్తరట. మీ ఇంట్ల గోలీలు అవసరం లేకుండా చూసుకునేటోళ్ళు ఎవరో చెప్పుర్రి.