గట్టు చివరిదాకా మా అప్పతో బేరం

సాలూరులో మా బట్టల కొట్టు గల్లా దగ్గర కూర్చుంటే, లారీ షెడ్ల రేకుల మీదుగా సున్నపురాయి గట్టు ఒకటి కనిపిస్తుంది. పెద్ద ఎత్తేమీ కాదు. మోకాళ్లు బాగున్న మనిషి టిఫిన్ వేళకు చివరిదాకా నడిచి వచ్చేయొచ్చు. నాన్న పోయాక ఆ గల్లా మా అప్పది, నాకంటే పెద్దది కదా. పెళ్లయినా బావనే కొట్టుకు తెచ్చుకుంది తప్ప తను గల్లా దిగలేదు. పుట్టినప్పటి నుంచీ ఆ గట్టును చూస్తోంది, ఒక్కసారీ ఎక్కలేదు. ఎక్కితే కొట్టు ఎవడు చూస్తాడు?

మొన్న కార్తీకంలో ఆమెకు మోకాళ్లు మార్చే ఆపరేషన్ ఖాయమైంది. ఆ తర్వాత చదును నేల మీద ఎంతైనా నడవొచ్చు గానీ కొండలూ గుట్టలూ ఇక మరిచిపోవాల్సిందే అన్నాడట విశాఖపట్నం డాక్టరు. ఇంకొకరైతే కత్తికి భయపడతారు. మా అప్పకు గట్టు బెంగ పట్టుకుంది. విజయనగరంలో ఉన్న నాకు ఫోన్ చేసింది.

"ఒరే, ఆదివారం బేగి వచ్చీ. గట్టు సివరకంటా ఎల్లాల. అవతలేటున్నాదో సూడాల."

"ఏటుంటాదే? మళ్లీ కొండలే."

"అది నువ్వు సెప్పడమేటి? సరుకు నాను సూసుకుంటాను."

ఆదివారం వెళ్లేసరికి బావ నన్ను గోడ పక్కకు లాక్కెళ్లాడు. "కింద పాత సున్నపు బట్టీ ఉన్నాది కదా, అక్కడి దాకా తీసుకెల్లి ఓ ఫొటో తీసి తెచ్చీరా. కాలు మడతడిందంటే ఆపరేషన్ కూడా ఆగిపోతాది. నీకు మాటలొచ్చు కదేటి."

నాకు మాటలొచ్చు, నిజమే. వచ్చింది అదొక్కటే. పళ్ల డాక్టరు దగ్గర, రెండు పీకితే ఒకదాని డబ్బులు కొసరు కింద వదిలెయ్యమన్నవాణ్ణి. అలాంటి నాకు ఒక కొండను కాస్త తగ్గించడం ఏపాటి పని?

చేతికర్ర కొందామంటే అప్ప ఒప్పుకోలేదు. ముసలాళ్లు పట్టుకుంటారట. కొట్లోంచి బట్ట కొలిచే ఇనప మీటరు కడ్డీ పట్టుకొచ్చింది. ఆటో దిగి దాన్ని రాయి మీద టంగుటంగుమని ఆనించుకుంటూ బయల్దేరింది. కొండకు కొలతలు తీసి జాకెట్టు కుట్టించేలా ఉంది.

బట్టీ దగ్గర ఫోన్ తీశాను. "నవ్వవే అప్పా. ఇదే గట్టు."

"ఇది గుమ్మంరా. గుమ్మంలో నిలబడి కొట్టంతా సూసీసినాను అంటారేటి?"

సరే, ఆ తెల్లరాయి దాకా అన్నాను. తెల్లరాయి వచ్చాక సీతాఫలం పొద అంది. పొద వచ్చాక, పైకి వచ్చేశాం కదా, ఇక ఎక్కుడు లేదు, నడకే కదా అంది. ఒక్కో మెట్టు దిగాల్సింది ఆమె బేరంలో. ఒక్కో మెట్టు ఎక్కుతున్నది మాత్రం ఇద్దరం. గట్టు నెత్తి మీద రాయి ఎన్ని వానలు తిందో, చాళ్లు చాళ్లుగా కోసుకుపోయి అంచులు పదునుగా లేచి ఉన్నాయి. ఆ సందుల్లో గడ్డి. కాలు ఎక్కడ పెట్టాలన్నా ముందు ఆలోచించాలి. అప్ప ఆగి ఆగి, పెదవి కొరుక్కుంటూ నడుస్తోంది. నొప్పి పుడుతోందని తెలుస్తూనే ఉంది.

మా వ్యాపారంలో కొనేవాళ్లకు ఆఖరి అస్త్రం ఒకటుంది. వెళ్లిపోవడం. చీర మడత మీంచి చెయ్యి తీసేసి, చెప్పులేసుకుని మెట్లు దిగితే, మూడో మెట్టు మీదో రోడ్డు మీదో వెనక నుంచి పిలుపొస్తుంది. నేనదే చేశాను.

"సరే, నీ ఇష్టం. నాను దిగిపోతన్నాను."

దిగడం మొదలెట్టాను. పిలుపు రాలేదు. నడక తగ్గించాను. రాలేదు. నా చెప్పులకు లేసులు లేకపోయినా వంగి కట్టుకున్నాను. బట్టీ దాకా వచ్చేసి, ఇక పరువు చూసుకోకుండా తలెత్తి చూస్తే అప్ప ఉన్న చోట అప్ప లేదు. కడ్డీ చప్పుడూ లేదు.

దిగినదంతా పరుగున ఎక్కాను. బావ మొహం, డాక్టరు మొహం, రాళ్ల సందున పడి ఉన్న అప్ప, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. తీరా చూస్తే ఆవిడ చాలా దూరం వెళ్లిపోయింది. రాతి అంచు మీద కూర్చోవడం, కాళ్లు రెండూ చేతులతో ఎత్తి అవతలికి వేసుకోవడం, లేవడం, మళ్లీ కూర్చోవడం. కడ్డీని చంకలో పెట్టుకుంది.

"పిలవలేదేటే?" అన్నాను రొప్పుతూ.

"పుట్టి బుద్దెరిగిన కాణ్నించి గల్లా కాడే ఉన్నాను. సెవులు ఎనక్కి పెట్టుకుని దిగేవోడు ఏ బేరంలో నిజంగా ఎల్లిపోనాడురా?"

గట్టు చివర ఇంకో నాలుగు గజాలుందనగా రాయి ఒకటి నడుం ఎత్తున అడ్డంగా లేచింది. పక్క నుంచి దారి లేదు. అప్ప కాలెత్తింది. మోకాలు వంగలేదు. రెండో కాలు ఎత్తింది. అదీ అంతే. ఆ రాయి వైపే చూస్తూ నిలబడింది. చంకలో కడ్డీ తీసి రాయి ఎత్తు కొలిచింది, మళ్లీ చంకలో పెట్టుకుంది.

ఇక చాలు పద అంటే వచ్చేసేది. గెలిచేవాణ్ణి. ఏ దేవుడు చెడగొట్టాడో, గొంతుక్కూర్చుని తొడ చూపించాను.

"కాలెయ్."

"ఇరిగిపోతాదిరా."

"ఇరిగితే మార్చీస్తాడు. ఆ డాక్టరే ఉన్నాడు కదా."

ఎక్కింది. ఓలమ్మో అని అరిచింది నేనే.

అవతల నేను చెప్పినట్టే కొండలున్నాయి. ఒకదాని వెనక ఒకటి, ఒడిషా దాకా, వెనక్కి పోయేకొద్దీ రంగు వెలుస్తూ. కింద కోతకొచ్చిన వరి, ఘాటు రోడ్డు మీద లారీల వరస. అప్ప చూసి మూతి విరిచింది. "ఇంతేనా? మద్దెలో ఆ కొండ సూడు, ముడతలడిపోనాది. ఆ సివరది మరీ ఎలిసిపోనాది. అంచు కూడా తిన్నగా లేదు."

మా కొట్లో కొననివాళ్లు బాగుందండీ అని మెచ్చుకుని వెళ్లిపోతారు. వంకలు పెట్టేవాళ్లే కొంటారు. అందుకని కదిలించలేదు. ఆవిడ కొండ తర్వాత కొండకు వంకపెట్టుకుంటూ పోయి, ఆఖరిదానికి ఏమీ దొరక్క కడ్డీ పక్కన పెట్టి కూర్చుంది. ఎండ ముదిరింది. బావ ఫోన్ మోగి మోగి ఆగింది.

"ఇప్పుడు దిగడం ఎలాగే?" అన్నాను.

కొండల మీంచి చూపు తిప్పకుండానే చెప్పింది. "ఎక్కడం వరకే నాది. దింపడం నీదిరా."